నాజ్ ‘ఇల్మాటిక్’: బెజవాడలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

సత్యనారాయణపురంలో మా డాబా మీద ఆదివారం సాయంత్రాలు కొంతమందిమి చేరి పాటలు వింటాం. ఏదో ఒక ఆల్బం పెట్టి, ఫోన్లు పక్కన పడేసి, మధ్యలో ఆపకుండా చివరిదాకా వింటాం. తర్వాత టీ తాగుతూ మాట్లాడుకుంటాం. వచ్చేవాళ్ళలో కర్ణాటక సంగీతం నేర్పేవాళ్ళున్నారు, ఇళయరాజా తప్ప ఇంకెవరూ చెవికెక్కనివాళ్ళున్నారు, ఇంజనీరింగ్ పిల్లలున్నారు. వీళ్ళందరినీ ఎక్కువసార్లు కూర్చోబెట్టిన ఆల్బం, ఎక్కువ వాదనలు పెట్టించిన ఆల్బం ఒకటే. అమెరికన్ ర్యాపర్ నాజ్ 1994లో తెచ్చిన మొదటి ఆల్బం ‘ఇల్మాటిక్’.

కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకురావడం కష్టంగా ఉంది కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. జవాబులు నావి. మా వాళ్ళ అభిప్రాయాలు వాళ్ళు చెప్పినట్టే పెట్టాను, నేను ఒప్పుకోనివి కూడా.

ఎవరీ నాజ్?

అసలు పేరు నసీర్ జోన్స్. మనవాళ్ళు చాలామంది నాస్ అని రాస్తారు, పలికేది మాత్రం నాజ్ అనే. 1973 సెప్టెంబరు 14న న్యూయార్క్‌లో పుట్టాడు. ర్యాప్‌కి పుట్టిల్లయిన హిప్‌హాప్ సంగీతానికి పుట్టినరోజు అని అందరూ చెప్పుకునేది అదే ఏడాది ఆగస్టు 11. ఆ రాత్రి బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో పార్టీ జరిగితే డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పాడు. అంటే ఈ పిల్లాడూ ఆ సంగీతమూ నెల తేడాతో పుట్టి, ఒకే ఊళ్ళో పెరిగారు.

నాన్న ఒలు డారా జాజ్ సంగీతకారుడు. ట్రంపెట్ లాంటిదే, దానికంటే కాస్త పొట్టిగా ఉండే కార్నెట్ వాయిస్తాడు. అమ్మ పోస్టల్ శాఖలో పనిచేసేది. నాజ్ బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. బడి మానేసినా ఇంట్లో నాన్న పుస్తకాలు చదువుతూనే ఉన్నాడు. ఆల్బం వింటుంటే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఈ ఆల్బం దేని గురించి?

ఒక కాలనీ గురించి. ఆ కాలనీ పేరు క్వీన్స్‌బ్రిడ్జ్. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ప్రభుత్వం కట్టించిన ఇళ్ళు అవి. 96 బిల్డింగులు, మూడు వేలకు పైగా ఫ్లాట్లు. ఉత్తర అమెరికాలో అంత పెద్ద ప్రభుత్వ గృహసముదాయం ఇంకోటి లేదు. 1980లలో క్రాక్ అనే కొకైన్ మత్తు ఇలాంటి కాలనీల మీద పడింది. చవగ్గా దొరికేది, తొందరగా పట్టేసేది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ పక్కపక్క ఫ్లాట్లవాళ్ళే. వెనకాలే తుపాకులు, పోలీసులు, జైళ్ళు వచ్చాయి.

1992లో నాజ్ బాల్యమిత్రుడు విల్‌ని కాల్చి చంపారు. అదే రాత్రి నాజ్ తమ్ముడికీ తూటా తగిలింది, కానీ బతికాడు. ‘ఇల్మాటిక్’ విడుదలైంది ఆ తర్వాత రెండేళ్ళకు, 1994 ఏప్రిల్ 19న. అప్పటికి నాజ్‌కి 20 ఏళ్ళు. ఒక పాటలో పొద్దున్నే లేచి, ఈరోజు నా పుట్టినరోజు, ఇరవై వచ్చాయి, ఇదే ఒక వరం అనుకుంటాడు. మామూలుగా వింటే పుట్టినరోజు సంబరంలా ఉంటుంది. విల్ సంగతి తెలిశాక విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

అట్ట మీద నాజ్ చిన్నప్పటి ఫోటో ఉంటుంది. ఆ పిల్లాడి ముఖంలోంచి కాలనీ వీధి, బిల్డింగులు కనిపిస్తుంటాయి. రికార్డుకు ఒకవైపు పేరు ‘40త్ సైడ్ నార్త్’, రెండోవైపు ‘41స్ట్ సైడ్ సౌత్’. రెండూ ఆ కాలనీ వీధుల పేర్లే. మన దగ్గర ఒక కుర్రాడు క్యాసెట్ చేసి, ఒకవైపు కరకట్ట, రెండోవైపు రైలుకట్ట అని పేరు పెట్టినట్టు.

అందరూ అంత గొప్పదంటారు. కారణం ఏంటి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మా డాబా మీద ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు.

ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు చేసే మిత్రుడు ఒకడున్నాడు. వాడి మాట: “ఇందులో ఒక్క లూజు బోల్టు లేదు. ఏది విప్పినా బండి ఆగిపోద్ది.” పది ట్రాక్‌లు, అందులో మొదటిది ఉపోద్ఘాతం. మిగిలిన తొమ్మిదింటిలో తీసేయదగ్గ పాట ఏది అని ఒకసారి చీటీలు రాయించాం. ఒక్కొక్కరు ఒక్కో పాట రాశారు. రెండు చీటీల మీద కూడా ఒకే పేరు పడలేదు.

పటమటలో మందుల షాపు నడిపే మిత్రుడికి నచ్చింది వేరు. ఇందులో నాజ్ ఎక్కడా జాలి అడగడు అంటాడు. నేను పేదవాణ్ణి, నన్ను చూడండి అన్న మాట రాదు. నేను చూసింది ఇది, మీరూ చూడండి అన్నట్టు ఉంటుంది.

నేను చెప్పేది కూడా ఆ చూపు గురించే. ‘వన్ లవ్’ అని ఒక పాట ఉంది. జైల్లో ఉన్న స్నేహితులకు రాసిన ఉత్తరాలు అవి. ఒక ఉత్తరంలో, నీకు కొడుకు పుట్టాడట, నీ పోలికేనట, మరి వాళ్ళమ్మ నీకు ఉత్తరం ఎందుకు రాయట్లేదు అని అడుగుతాడు. అంతే, వెంటనే ఇంకో కబురుకి వెళ్ళిపోతాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఓ సంసారం ఎక్కడికొచ్చి ఆగిందో తెలుస్తుంది. మన ఇళ్ళలో దుబాయ్, కువైట్ వెళ్ళినవాళ్ళకు రాసే ఉత్తరాలు నేను చిన్నప్పుడు చూశాను. వాటిలోనూ అసలు బాధ ఇలాగే, అందరూ క్షేమం అనే మాటకీ ఆవు ఈనింది అనే మాటకీ మధ్య ఒక్క వాక్యంలో ఇరుక్కుని ఉండేది.

అదే పాట చివర నాజ్ ఒక బెంచీ మీద కూర్చుంటాడు. పక్కన పన్నెండేళ్ళ పిల్లాడు. తుపాకీ పెట్టుకుని తిరుగుతుంటాడు, నవ్వితే ఆ నవ్వు చల్లగా, భయమేసేలా ఉంటుంది. నాజ్ వాడికి రెండు మాటలు చెప్పి, బట్టల మీద పడిన బూడిద దులుపుకుని లేచి వెళ్ళిపోతాడు. ఆ బూడిద దులపడం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అది అక్కడ కూర్చున్నవాడికి తప్ప పైనుంచి చూసేవాడికి కనపడదు. ఆ వయసులో అంత దగ్గరగా చూసి, చూసినదాన్ని అంత తక్కువ మాటల్లో పెట్టడం వల్లే ఈ ఆల్బం ముప్పై ఏళ్ళు దాటినా పాతబడలేదని నా నమ్మకం.

ఆ పిల్లాడికి తుపాకీ మానెయ్ అని చెప్పలేదేం?

ఈ ప్రశ్న మా డాబా మీద ఒక ఆదివారం మొత్తం తినేసింది. నాజ్ వాడికి చెప్పేది ఏంటంటే, గుంపు మీదకి కాల్చకు, పొరపాటున ఎవరికో తగులుతుంది, కుటుంబాలు నాశనమవుతాయి అని. అసలు కాల్చొద్దు అనడు. చివర్లో పైకి రావడానికి ప్రయత్నించు అని మాత్రం అంటాడు.

డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడమ్‌కి ఇది అస్సలు నచ్చలేదు. “పన్నెండేళ్ళ పిల్లాడు ఎదురుగా ఉంటే పెద్దవాడు చెప్పాల్సిన మాట ఇదేనా?” అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. కానీ అక్కడ కూర్చున్న పెద్దవాడికి 20 ఏళ్ళే. మానెయ్ అంటే ఆ పిల్లాడు మరుక్షణం లేచి వెళ్ళిపోతాడని వాడికి తెలుసు. వినే అవకాశం ఉన్న మాట ఒక్కటి చెప్పాడు. అది సరిపోదని కూడా వాడికి తెలుసు, అందుకే ఆ పాట అంత బరువుగా ఉంటుంది. మేడమ్ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆవిడ ఒప్పుకోవాలని కూడా నేను అనుకోవట్లేదు.

నాకు ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎలా వినాలి?

మొదటిసారి నాకూ కాలేదు. అది బడిలో నేర్పే ఇంగ్లీషు కాదు, వీధి భాష, అందులోనూ ఆ కాలనీ భాష. వేరే రాష్ట్రంలో పెరిగిన అమెరికన్లకే సగం మాటలకు వివరణ కావాలి.

మేం పాటించే పద్ధతి చెప్తాను. మొదటిసారి మాటలు పట్టించుకోకుండా వినండి. గొంతు ఎక్కడ తొందరపడుతోంది, ఎక్కడ నెమ్మదిస్తోంది, అది చూడండి చాలు. రెండోసారి లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి. నెట్‌లో ప్రతి వాక్యానికీ వివరణలు దొరుకుతాయి. అన్ని పాటలూ ఒకేరోజు వద్దు, రోజుకొకటి చాలు. మూడోసారి మళ్ళీ కాగితం లేకుండా వినండి. అప్పుడు మాటలు వాటంతటవే వినపడటం మొదలవుతాయి.

గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ కోసం హాస్టల్లో ఉన్న ఒక కుర్రాడు ఇలాగే పది రోజులు విన్నాడు. పదో రోజు రాత్రి పన్నెండింటికి నాకు ఫోన్ చేసి, “అన్నా, ఆ ఉత్తరం పాట అర్థమైంది” అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ మావయ్య జైల్లో ఉన్న సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది.

ర్యాప్ అసలు సంగీతమేనా? మాట్లాడుతున్నట్టే ఉందిగా?

మా మృదంగం మాస్టారు కూడా మొదట ఇదే అన్నారు. ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ పెట్టాం. డీజే ప్రీమియర్ కట్టిన బీట్ అది. కింద బరువైన డ్రమ్ము, బేసు, వాటి మీద పియానోలో రెండు మూడు స్వరాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, ఎవరో తలుపు కొడుతున్నట్టు. నాజ్ మొదలుపెట్టే ముందు, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు అని తనలో తను అనుకుంటాడు. ఆ మాట కూడా రికార్డులో ఉంచేశారు. అంతే, ఆ తర్వాత ఊపిరి తీసుకోనిస్తే ఒట్టు.

మాస్టారు తొడ మీద తాళం వేస్తూ విన్నారు. పాట అయ్యాక రెండోసారి పెట్టమన్నారు. అప్పుడు చెప్పారు: “వీడు సమంలో ఎత్తుకోవట్లేదు. ఒక వాక్యం అనాగతం, ఒకటి అతీతం. తాళం దాటి వెళ్ళిపోయినట్టే ఉంటాడు, మళ్ళీ సరిగ్గా వచ్చి దిగుతున్నాడు. సాధన లేకుండా రాదు ఇది.” తాళం మొదలయ్యే చోటే పాట ఎత్తుకుంటే సమం. అనాగతం, అతీతం అంటే దానికి కాస్త ముందో వెనకో ఎత్తుకోవడం. ఆ రోజు నుంచి మాస్టారు నాజ్‌ని కుర్రాడు అనడం మానేసి విద్వాంసుడు అంటున్నారు.

ఇక ప్రాస సంగతి. మన పద్యంలో ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర ఉంటుంది. పాటల్లో అంత్యప్రాస, పాదం చివర. నాజ్ ప్రాసని చివర పెడతాడు, మధ్యలోనూ పెడతాడు. ఒక మాటకి ఇంకో మాట కలపడంతో ఆగకుండా మూడు నాలుగు మాటల గుత్తిని ఇంకో గుత్తితో కలుపుతాడు. ఇంకో విశేషం, వాక్యం పాదంతో ఆగదు. పాదం అయిపోయినా అర్థం అవ్వదు, తర్వాతి పాదంలోకి జారిపోతుంది. అందుకే కథ వింటున్నట్టు ఉంటుంది, ప్రాసల లెక్క గుర్తుండదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. బుర్రకథ విన్నవాళ్ళకి తెలుస్తుంది. కథకుడు పాటలోంచి మాటలోకి, మాటలోంచి పాటలోకి జారిపోతుంటాడు, వెనక డక్కీలు మోగుతూనే ఉంటాయి, పక్కనున్న వంతలు ఒకరు అందుకుంటారు, ఒకరు ప్రశ్న వేస్తారు. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు ఆ కళకు పితామహుడి లాంటివారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. మా తాత ఆయన కథలు పందిరి కింద తెల్లవార్లూ విన్నానని చెప్పేవాడు. అది సంగీతం కాదని మా తాతతో ఎవరైనా అని ఉంటే ఊరుకునేవాడు కాదు.

పాత పాటల ముక్కలు తీసి వాడారట. అది కాపీ కాదా?

దాన్ని శాంపిల్ అంటారు. పాత రికార్డులోంచి రెండు మూడు సెకన్ల ముక్క తీసి, యంత్రంలో వేసి, వేగం మార్చి, ముక్కలు చేసి, తిప్పి తిప్పి వాయిస్తారు. ‘ది వరల్డ్ ఈజ్ యువర్స్’ పాటలో వినపడే పియానో అహ్మద్ జమాల్ 1970లో వాయించింది. ఆయన చాలా నెమ్మదిగా, తీరిగ్గా వాయించిన దాంట్లోంచి చిన్న ముక్క పట్టుకుని పీట్ రాక్ దాని కింద డ్రమ్ము పెట్టాడు. అసలుది వినండి, తర్వాత ఇది వినండి. మా వాళ్ళకు పక్కపక్కన వినిపించాను. ఇళయరాజా అభిమాని ఒకాయన, “అంత పెద్ద తోటలోంచి సరైన పువ్వు ఒక్కటి కోశాడు” అన్నారు. చివరి పాటలో మైకేల్ జాక్సన్ 1982 నాటి పాట ముక్క ఉంటుంది, చాలామంది గుర్తుపట్టేస్తారు.

కాపీకీ దీనికీ తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, ఎక్కడినుంచి తీశారో దాచరు, పేరు వేస్తారు. రెండు, అనుమతి. 1991లో అమెరికాలో ఒక కోర్టు తీర్పు వచ్చాక అనుమతి లేకుండా శాంపిల్ వాడితే పెద్ద చిక్కే అని కంపెనీలకు అర్థమైంది. మన సినిమాల్లో ఎక్కడినుంచో ట్యూను ఎత్తి చెప్పకుండా ఊరుకున్నవి ఎన్నో చూశాం. వాటికీ దీనికీ పోలిక పెట్టొద్దని నా మనవి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అప్పట్లో ర్యాప్ ఆల్బం అంటే చాలావరకు ఒకే నిర్మాత బీట్లు కట్టేవాడు. ఈ ఆల్బంలో డీజే ప్రీమియర్, పీట్ రాక్, క్యూ-టిప్, లార్జ్ ప్రొఫెసర్, ఎల్.ఇ.ఎస్. కలిసి పనిచేశారు. అంతమంది చేసినా ఒకే ఇంట్లో వండినట్టు ఉంటుంది. ‘లైఫ్స్ ఎ బిచ్’ చివర వాయించింది నాజ్ వాళ్ళ నాన్నే. కొడుకు ఇరవై ఏళ్ళు వచ్చాయని చెప్పుకున్న పాటకి తండ్రి కార్నెట్ తోడు వచ్చింది. మాటలన్నీ ఆగిపోయాక ఆ వాయిద్యం ఒక్కటే కాసేపు వినపడుతుంది. ఆ భాగం వచ్చినప్పుడు మా డాబా మీద ఎవరూ గ్లాసు కూడా కింద పెట్టరు.

బూతులున్నాయి. ఇంట్లో పెట్టొచ్చా?

ఉన్నాయి, చాలా ఉన్నాయి. పైన చెప్పిన ఒక పాట పేరే చూడండి. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో స్పీకర్లో పెట్టకండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇంటర్ దాటిన పిల్లలైతే పక్కన కూర్చుని వినమంటాను. వాళ్ళు ఎలాగూ వింటున్నారు. మీతో కలిసి వింటే మాట్లాడుకోవడానికి ఒక దారి దొరుకుతుంది.

ఆడవాళ్ళ గురించి ఇందులో ఏముంది?

దాదాపు ఏమీ లేదు, ఉన్నది బాగాలేదు. మా చెల్లెలు మొదటిసారి విన్నాక అన్న మాట ఇది: “ఆ కాలనీలో అమ్మలు లేరా? మూడు వేల ఫ్లాట్లలో వంట ఎవరు చేశారు, పిల్లల్ని బడికి ఎవరు పంపారు?” దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఆల్బంలో ఇది లోటే. నాకు ఎంత ఇష్టమైనా ఇది కప్పిపుచ్చను. అంత చురుకైన కళ్ళు ఉన్నవాడు ఒక వైపు చూడనే లేదు. మా చెల్లెలు అయినా ‘మెమరీ లేన్’ పాట మాత్రం రోజూ వింటుంది.

నలభై నిమిషాలు కూడా లేదు. ఇంత చిన్నదేంటి?

చిన్నదే కాబట్టి మళ్ళీ వింటాం. నెహ్రూ బస్టాండ్‌లో గుంటూరు బస్సు కదిలి వారధి ఎక్కేటప్పుడు మొదలుపెడితే గుంటూరు రాకముందే అయిపోతుంది. మిగిలిన దారంతా కిటికీలోంచి చూస్తూ దాని గురించి ఆలోచించుకోవచ్చు.

ఏ పాటతో మొదలుపెట్టాలి?

మొదటిదానితో. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను, కారణం ఉంది. 2009లో నాకు ఈ ఆల్బం ఒక స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో దొరికింది. ట్రాక్ నంబర్లు లేవు. పాటలన్నీ పేర్ల అక్షరక్రమంలో వరస కట్టాయి. దాంతో అందరికంటే ముందు రావాల్సిన ‘ది జెనెసిస్’ తొమ్మిదోది అయింది, చివరి పాట రెండోది అయింది. ఏడాదిపాటు అలాగే విన్నాను. పాటలు బాగున్నాయి అనుకున్నాను కానీ ఎందుకు జనం అంత ఊగిపోతున్నారో అర్థం కాలేదు.

తర్వాత అసలు వరసలో విన్నాను. ముందు రైలు చప్పుడు, పట్టాల మీద వెళ్తున్న న్యూయార్క్ రైలు. తర్వాత ఎవరివో మాటలు. వెనక 1991లో నాజ్ మొదటిసారి రికార్డులో వినిపించిన పాత పాదాలు మసగ్గా. ఆ తర్వాతే ప్రీమియర్ డ్రమ్ము పడుతుంది. జంక్షన్ ఉన్న ఊళ్ళో పుట్టినవాణ్ణి, రైలు చప్పుడుతో నిద్రపోయి రైలు చప్పుడుతో లేచినవాణ్ణి, ఆ మొదటి పది సెకన్లకే నేను ఆ కాలనీలో దిగిపోయాను. ఏడాది పాటు నేను పోగొట్టుకున్నది అదే. కాబట్టి దయచేసి షఫుల్ ఆపేయండి.

నాకు నచ్చలేదు. తప్పు నాదా?

కాదు. మా వాళ్ళలో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఇది ఇప్పటికీ బోర్ కొడుతుంది. బీట్లు పాతగా ఉన్నాయి, హుక్ (మళ్ళీ మళ్ళీ వచ్చి నోట్లో ఆడే పల్లవి) లేదు, డ్యాన్స్ లేదు అంటాడు. హుక్ లేదన్న మాట పూర్తిగా నిజం కాదు కానీ, ఇప్పటి ర్యాప్‌కి అలవాటు పడిన చెవికి ఇది పొడిగా అనిపించడం సహజం. బేసు గుండెల మీద కొట్టదు, గొంతుకి మెషీన్ పూతలు లేవు.

నేను చెప్పేది ఒకటే. గొప్పదని నలుగురూ అన్నారు కాబట్టి నచ్చినట్టు నటించొద్దు. ఒక ఆర్నెల్లు వదిలేసి, ఒంటరిగా ఉన్న ఒక రాత్రి మళ్ళీ పెట్టి చూడండి. అప్పుడూ నచ్చకపోతే వదిలేయండి.

వచ్చినప్పుడే పెద్ద హిట్టా? అవార్డులు వచ్చాయా?

విమర్శకులు మొదటిరోజే గుర్తించారు. హిప్‌హాప్‌కి పెద్దబాలశిక్ష లాంటి ‘ద సోర్స్’ పత్రిక అయిదుకి అయిదు మైకులు ఇచ్చింది. అది చాలా అరుదుగా ఇచ్చేది. అమ్మకాలు మాత్రం అంతంతమాత్రం. అమెరికాలో అమ్మకాల లెక్కన వేసే బిల్‌బోర్డ్ ఆల్బంల జాబితాలో 12వ స్థానంలో అడుగుపెట్టింది. విడుదలకు ముందే దొంగ కాపీలు వీధుల్లోకి వచ్చేశాయి. గోల్డ్, అంటే అయిదు లక్షల కాపీల గుర్తింపు 1996లో వచ్చింది. పది లక్షల ప్లాటినం 2001లో. నిలబడి నిలబడి అమ్ముడుపోయిన సరుకు ఇది.

ఈ ఆల్బంకి గ్రామీ రాలేదు. నాజ్ మొదటి గ్రామీ 2021లో, వేరే ఆల్బంకి వచ్చింది. అదే ఏడాది అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘ఇల్మాటిక్’ని భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. అంతకుముందు 2014లో, ఇరవై ఏళ్ళు నిండినప్పుడు, వాషింగ్టన్ కెన్నెడీ సెంటర్లో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి నాజ్ ఈ పాటలు పాడాడు. వయొలిన్ల మధ్య సూటు వేసుకుని క్వీన్స్‌బ్రిడ్జ్ గురించి పాడుతున్న ఆ వీడియో దొరికితే తప్పకుండా చూడండి.

మన ఊరికీ దీనికీ ఏం సంబంధం? మన పిల్లలు ఇది ఎందుకు వినాలి?

సంబంధం ఉందని వాదించను. మనకు తుపాకుల గొడవ లేదు, నల్లవాళ్ళ చరిత్ర మనది కాదు. వాళ్ళ బాధని మన బాధ అని చెప్పుకోవడం కూడా సరికాదు.

కానీ ఒక సంగతి జరిగింది, అది చెప్తాను. సింగ్‌నగర్ నుంచి వచ్చే ఒక డిప్లొమా కుర్రాడు ఈ ఆల్బం మూడుసార్లు విన్నాక, “అన్నా, వీడు వాళ్ళ వీధి గురించి తప్ప ఇంకేం చెప్పట్లేదుగా?” అన్నాడు. అవును అన్నాను. అప్పటిదాకా వాడు రాసుకునే ర్యాప్ నిండా స్పోర్ట్స్ బైకులు, బంగారు గొలుసులు, ముంబై రాత్రులు ఉండేవి. వాడు ముంబై వెళ్ళింది లేదు. రెండు వారాల తర్వాత ఒక నోటుబుక్కు పట్టుకొచ్చాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి వాళ్ళ ఇల్లు మునిగిన రోజుల గురించి రాశాడు.

గోడ మీద బుడమేరు గీత ఇంకా చెరగలేదు,
నాలుగో మెట్టు మీద నీళ్ళు, నాన్న ఆటో తిరగలేదు,
పాల ప్యాకెట్టు పడవెక్కి పక్కింటికే పోయింది,
అమ్మ రేషన్ కార్డు ఆరబెట్టి ఫ్యాను కింద కూచుంది.

ఇంకా ఉంది, ఇక్కడ నాలుగు పాదాలే ఇస్తున్నాను, వాడి అనుమతితోనే. ఆ రేషన్ కార్డు చూడండి. అది టీవీలో ఎవరూ చూపించలేదు, హెలికాప్టర్‌లోంచి కనపడదు. కరెంటు వచ్చాక వాళ్ళమ్మ మొదట ఆరబెట్టింది దాన్నే. మాస్టారు తాళం వేస్తూ విని, రెండో పాదంలో ఒక మాట తీసేయమన్నారు. వాడు ఒప్పుకోలేదు. బాగానే వాదించుకున్నారు.

ఎక్కడ వినాలి? పాత రికార్డు కొనాలా?

అక్కర్లేదు. పాటల యాప్‌లన్నింటిలో ఉంది. ఫోను స్పీకర్లో మాత్రం వద్దు, బేసు మొత్తం పోతుంది. మామూలు వైరున్న ఇయర్‌ఫోన్స్ చాలు. పదో వార్షికోత్సవం, ఇరవయ్యో వార్షికోత్సవం అని అదనపు పాటలు కలిపిన కూర్పులు కూడా ఉన్నాయి. అవి తర్వాత. ముందు పది ట్రాక్‌లున్న అసలుదే వినండి.

ఇది అయ్యాక ఏం వినాలి?

నాజ్ రెండో ఆల్బం ‘ఇట్ వాజ్ రిటెన్’, 1996లో వచ్చింది. అమ్మకాల్లో మొదటిదాన్ని మించి, బిల్‌బోర్డ్‌లో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. శబ్దం మెరుగ్గా, ఖరీదుగా ఉంటుంది. మొదటిదాన్ని ప్రేమించినవాళ్ళు చాలామంది అప్పట్లో దీన్ని చూసి అలిగారు. తర్వాత అతను తెచ్చిన ప్రతి ఆల్బంనీ ‘ఇల్మాటిక్’ పక్కన నిలబెట్టి కొలిచారు, అది అతనికి న్యాయం కాదని నా అభిప్రాయం. ఇరవై ఏళ్ళ వయసులో ఆ బెంచీ మీద కూర్చున్నవాడు నలభై ఏళ్ళకి కూడా అక్కడే కూర్చోవాలని మనం ఎలా అడుగుతాం?

మా డాబా మీద ముగ్గురు రెండోదే బాగుందంటారు. వచ్చే ఆదివారం ఆ రెండూ వరసగా పెడుతున్నాం. ఆరింటికి మొదలవుతుంది. మాస్టారు అప్పుడే చెప్పేశారు, తాళం తాను వేస్తానని.